నాన్న వైపు రక్తం

పెదజాలారిపేట, విశాఖపట్నం
అక్టోబరు

మహేషూ,

ఫోన్లో నువ్వు ఏడ్చావు, నేనూ ఏడ్చాను. అంతకు మించి మనిద్దరం ఏం మాట్లాడుకున్నాం? మధ్యలో అమ్మ ఫోను లాక్కుంది. ఆ తర్వాత వదిన, ఆ తర్వాత నీ పెళ్ళాం బిందు. ఈలోగా బోటెక్కాలని నిన్ను పిలిచేశారు. అందుకే ఎప్పటిలాగే ఉత్తరం రాసి గుజరాత్‌లో మీ బోటు ఓనరు గదికి పంపుతున్నాను. నడిసముద్రంలో సిగ్నలు ఉండదు గానీ ఉత్తరం ఉంటుందని నువ్వే అంటావు కదా.

అన్న ఎలా పోయాడో నీకెవరూ సరిగ్గా చెప్పి ఉండరు. పక్కనున్నది నేను. కాబట్టి నేనే చెప్పాలి.

ఆ పొద్దున్న వేలంలో చేపలు కొందామని హార్బరుకి వెళ్ళాను. అన్న బోటు అప్పుడే జెట్టీకి వచ్చింది. వేట బాగా పడింది, అందరూ హుషారుగా ఉన్నారు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. అమ్మకని నాలుగు కానాగంత చేపలు పక్కన పెట్టాడు. అవి నా చేతికిస్తూ ఇస్తూ మంచుపెట్టె మీద కూలబడ్డాడు.

"ఏటన్నా?" అన్నాను.

"ఏటీ లేదే. గేసు. బోట్లో పప్పు తిన్నాను, గుండెల మీద పట్టీసింది. సోడా ఒకటి తెప్పించు."

సోడా తాగాడు. త్రేన్పు వచ్చింది. "అదిగో, పోయింది" అని నవ్వాడు. నవ్వుతున్న మొహం మీంచి చెమట నీళ్ళు కారినట్టు కారుతోంది. ఎడమ చెయ్యి నొక్కుకుంటున్నాడు. ఆసుపత్రికి పోదాం రమ్మన్నాను. "గేసుకి ఆసుపత్రేటే! నలుగురూ నవ్వుతారు" అన్నాడు. లేచి పెట్టె ఎత్తబోయాడు. ఆ పెట్టె మీదికే ఒరిగిపోయాడు.

ఆటోలో తల నా ఒళ్ళోనే ఉంది. పెద్దాసుపత్రి చేరేసరికే అయిపోయిందని చెప్పారు. నలభై ఆరేళ్ళు నిండలేదు మన అన్నకి.

అక్కడ ఒక చిన్న వయసు డాక్టరమ్మ నన్ను బల్ల మీద కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. "మీ నాన్నగారు ఉన్నారా అమ్మా?" అని అడిగింది. లేరన్నాను. ఎలా పోయారని అడిగింది. ఒడ్డున వల లాగుతూ లాగుతూ పడిపోయాడని, మేమంతా సముద్రం తల్లికి కోపం వచ్చిందనుకున్నామని చెప్పాను. పెదనాన్న సంగతీ అడిగింది. ఆయనా యాభై దాటలేదని చెప్పాను. ఆవిడ "మీకు తమ్ముళ్ళెవరైనా ఉన్నారా?" అంది.

ఉన్నాడన్నాను.

మహేషూ, నీకిప్పుడు ముప్పై ఎనిమిది. ఒడ్డుకి రాగానే ఒక మంచి డాక్టరు దగ్గరికి వెళ్ళి చూపించుకో. అన్నని చివరిసారి చూడలేకపోయానని నువ్వు కుమిలిపోతున్నావని నాకు తెలుసు. నువ్వు చూడకపోవడమే నయం. నువ్వు చూసిన అన్న నీకు మిగిలాడు.

మా హేమ పరీక్షకి చదువుకుంటోంది. మావయ్యని అడిగానని చెప్పమంది.

అక్క
దేవి


వెరావల్
నవంబరు

అక్కా,

నీ ఉత్తరం పట్టుకునే మళ్ళీ వేటకి వెళ్ళాను. తిరిగి వచ్చాక ఇది రాస్తున్నాను. ఎన్నిసార్లు చదివానో. ఆ కానాగంతల దగ్గరికి వచ్చేసరికి ముందుకి వెళ్ళలేకపోయేవాణ్ణి. అవి ఎవరు తిన్నారక్కా? ఎవరూ తిని ఉండరు.

అన్న పోయాడని నాకు తెలిసేటప్పటికి అక్కడ కర్మలు కూడా అయిపోయాయి. బోటు ఒడ్డుకి ఆనుతుంటే ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. మనూరి కుర్రాళ్ళు వాళ్ళ ఫోన్లు చూసుకుని నా మొహం చూడటం మానేశారు. అలా తెలిసింది.

నాకు వల పట్టుకోవడం నేర్పింది నాన్న కాదు, అన్న. తాడు చేతికి చుట్టుకోకురా, వేళ్ళు తెగిపోతాయని నెత్తి మీద మొట్టేవాడు. ఇప్పటికీ తాడు పట్టుకుంటే నెత్తి తడుముకుంటాను.

డాక్టరు సంగతి రాశావు. నాకేమీ లేదక్కా. రాయిలా ఉన్నాను. అన్నకి సిగరెట్లు ఎక్కువ, తిండికి వేళాపాళా లేదు. నేను సిగరెట్లు తగ్గించాను. ఇంకో సంగతి. ఈసారి మా బోటు నడిపే తండేలు నన్ను వల లాగే పని నుంచి తప్పించి వంటకి పెట్టాడు. నా చేతి పులుసు బాగుంటుందట. నీడపట్టున పని. కాబట్టి నా గురించి దిగులు పెట్టుకోకు.

గోపిని చదువు మాన్పించవద్దని వదినకి చెప్పు. తండ్రి పోయాడని వాడు బోటెక్కుతానంటాడు. ఎక్కనివ్వకు.

మహేష్


పెదజాలారిపేట
డిసెంబరు

మహేషూ,

నువ్వు అన్నం వార్చితే గంజీ మెతుకులూ కలిసి పొయ్యిలో పడేవి. అలాంటివాడికి ఎవరు గరిటె ఇచ్చారు? ఏ తండేలైనా వల లాగే మొనగాణ్ణి తెచ్చి వంటకి పెడతాడా? నిజం చెప్పు. నేను బిందుకి చెప్పను.

ఈలోగా నాకు తెలిసింది రాస్తాను. కోప్పడకుండా చదువు. అన్న కాగితాల కోసం వెళ్ళినప్పుడు ఆ డాక్టరమ్మని మళ్ళీ కలిశాను. "అసలు ఏం జరిగిందమ్మా లోపల?" అని అడిగాను. ఆవిడ కాగితం మీద బొమ్మ గీసింది. నాకు బొమ్మ కంటే మన బోటు సంగతి ముందు తట్టింది. ఇంజిను చల్లబడటానికి సముద్రపు నీళ్ళు లాగే పైపు ఉంటుంది కదా, దాని లోపల ఏళ్ళ తరబడి గుల్లలు పట్టి పైపు గట్టిపడి, దారి ఇరుకైపోతుంది. మనిషి రక్తనాళం కూడా అంతేనట. గోడల్లో కొవ్వు చేరుతుంది, సున్నంలా గట్టిపడుతుంది. సాగాల్సిన నాళం సాగదు. కూర్చున్నప్పుడు ఏమీ తెలియదు. బరువెత్తినప్పుడు, వల లాగినప్పుడు గుండెకి రక్తం ఎక్కువ కావాలి, ఆ ఇరుకు దారిలో అది చాలదు. అప్పుడు గుండెల మీద బరువు పెట్టినట్టు ఉంటుంది. కాసేపు ఆగితే తగ్గిపోతుంది. తగ్గింది కదా అని మనం గ్యాస్ అనుకుంటాం.

"అయితే కొంచెం కొంచెంగా మూసుకుపోయి చచ్చిపోతారా?" అన్నాను. అలా కాదంది. ఆ కొవ్వు పెచ్చు ఒకరోజు చిట్లుతుంది, చిట్లిన చోట రక్తం గడ్డ కడుతుంది, ఒక్కసారిగా దారి మూసుకుంటుంది. అన్నకి హార్బరులో జరిగింది అదే.

కొన్ని ఇళ్ళల్లో చెడు కొవ్వు పుట్టుకతోనే ఎక్కువట. తండ్రి నుంచి బిడ్డకి వస్తుందట. మనకి నాన్న వైపు నుంచి వచ్చి ఉంటుందంది. దాని మీద పొగా, బీపీ, షుగరూ, ఉప్పూ తోడైతే ఇంకా తొందర. అయితే ఇది తల్లి కోపం కాదు మహేషూ. ముందే రక్తం చూపించుకుంటే రోజూ ఒక మాత్రతో, పొగ పూర్తిగా మానేసి, తిండి మార్చుకుంటే చాలామంది ముసలివాళ్ళయ్యేదాకా బతుకుతారట. నాన్నకి అది చెప్పేవాళ్ళు లేరు. మనకి చెప్పారు.

ఇంట్లో ఎండుచేపలు తగ్గించాను. అమ్మ ఒప్పుకోవడం లేదు. అమ్మ అడ్డపొగ చుట్ట సంగతీ ఎత్తాను. నిప్పు వైపు నోట్లో పెట్టుకునే అంది: "ఊసు సాలించే! పెళ్ళి కాకముందు నించీ తాగతన్నాను. నాకేటయింది? నాకన్నా తక్కువ తాగినోలేగా ఎల్లిపోతన్నారు!" డాక్టరమ్మకి ఈ మాట చెబితే నవ్వింది. అందరి రక్తం ఒకటి కాదమ్మా, ఆవిడ తప్పించుకుందని మీరు తప్పించుకుంటారని లేదు అంది.

గోపి కాలేజీకి వెళుతున్నాడు. జేబులో సిగరెట్టు దొరికింది. తిట్టలేదు. వాళ్ళ నాన్న పడిపోయిన చోటికి తీసుకెళ్ళి నిలబెట్టాను. అక్కడే నలిపి పారేశాడు.

నాకు ఈమధ్య పన్ను సలుపు ఒకటి పట్టుకుంది. గోపాలపట్నంలో ఆటో దిగి చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మార్కెట్లోకి నడుస్తుంటే దవడ లాగేస్తుంది. తట్ట దించి కాసేపు కూర్చుంటే ఊరుకుంటుంది. పీకించేయాలి. ఆయాసం కూడా వస్తోంది, లావెక్కాను మరి. హేమ నన్ను చూసి నవ్వుతోంది.

నువ్వు మాత్రం వెళ్ళు. వెళ్ళానని రాస్తేనే నా ఉత్తరం మళ్ళీ వస్తుంది.

అక్క


వెరావల్
జనవరి

అక్కా,

నీకు అబద్ధం చెప్పాను. తండేలు పులుసు కోసం నన్ను వంటకి పెట్టలేదు. దసరా ముందు వల లాగుతుంటే గుండెల మీద ఎవరో మోకాలు పెట్టి తొక్కినట్టయింది. తాడు వదిలేసి కూర్చున్నాను. తగ్గింది. మర్నాడూ వచ్చింది. తండేలు చూశాడు. "ఒరే బావా, నువ్వు ఈ పని సెయ్యొద్దు. సముద్రంలో నీకేటైనా అయితే నానేటి సమాదానం సెప్పాల మీవోలకి?" అన్నాడు. అప్పటికి అన్న ఉన్నాడు. అన్నకి ఫోన్లో చెప్పాను కూడా. "గేసురా, నాకూ వస్తది" అన్నాడు.

నువ్వు రాసిన ఆ పైపు సంగతి చదివాక నాకు భయం వేసింది. అన్నం తినబుద్ధి కాలేదు. ఒడ్డుకి రాగానే తండేలే వెంట వచ్చాడు. ఇక్కడ ఈసీజీ తీసి, రక్తం చూసి, రాజ్‌కోట్ పంపారు. మణికట్టు దగ్గర నుంచి సన్నని తీగలాంటి గొట్టం గుండె దాకా పంపి బొమ్మ చూశారు. టీవీలో నాకే చూపించారు అక్కా. నా గుండె కొట్టుకుంటోంది, దాని మీద నల్లటి దారాలు. ఒక దారం మధ్యలో వేలితో నొక్కినట్టు సన్నబడిపోయి ఉంది. అదే రోజు అక్కడ స్టెంటు వేశారు. ఇంకొక రెండు చోట్ల కొంచెం ఉందట, మందులతో చూద్దామన్నారు.

బిందుకి చెప్పకు. నేనే ఇంటికి వచ్చి, ఎదురుగా కూర్చుని చెబుతాను.

సిగరెట్టు మానేశాను. తగ్గించడం కాదు, మానేశాను. మాత్రలు వేసుకుంటున్నాను. ఒంట్లో బాగుందని ఒక్కరోజు మానేసినా మళ్ళీ మొదటికే వస్తుందని గట్టిగా చెప్పారు. ఓనరు మంచివాడు, జెట్టీ మీద వలలు బాగుచేసే పని ఇచ్చాడు. బోట్లు వెళ్ళిపోతుంటే ఒడ్డున కూర్చుని చూడటం నాకు చేతకావడం లేదు. మొదటిరోజు నా బోటు కనుచూపు దాటేదాకా నిలబడే ఉన్నాను. చిన్నపిల్లాడిలా ఏడుపొచ్చింది.

ఇప్పుడు అసలు మాట. ఇక్కడి డాక్టరు ఇంట్లో వాళ్ళ సంగతి అడిగాడు. నాన్న, పెదనాన్న, అన్న అని చెప్పాను. "బెహన్?" అన్నాడు. అక్క ఉంది, ఆవిడకేం, పొగ తాగదు, చేపల తట్ట మోస్తుంది, గట్టి మనిషి అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టేశాడు. ఆడవాళ్ళకి ఈ జబ్బు రాదని ఎవరు చెప్పారు, తండ్రి రక్తం కూతురికి రాదా అన్నాడు. ఆడవాళ్ళలో కొందరికి గుండెల్లో నొప్పే ఉండదట. నడిస్తే ఆయాసం, వీపు లాగడం, వికారం, ఊరికే నీరసం. దవడ నొప్పి.

అక్కా, కూర్చుంటే ఊరుకునే పన్ను సలుపు ఎక్కడైనా ఉంటుందా?

ఆయన గదిలోంచి బయటికి రాగానే నీకు ఫోన్ చేశాను. నువ్వు నవ్వావు. "నాకేటవుద్దిరా!" అన్నావు. బేరం పోతుందని పెట్టేశావు. అందుకే రాస్తున్నాను. ఫోను పెట్టేయగలవు గానీ ఉత్తరం పెట్టేయలేవు. ఆ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. అన్న కోసం రెండుసార్లు వెళ్ళావు, నా కోసం అడిగావు. నీ కోసం ఒక్కసారి వెళ్ళు.

మహేష్


పెదజాలారిపేట
ఫిబ్రవరి

మహేషూ,

నీ ఉత్తరం చదివి దేవుడి గదిలో కూర్చుండిపోయాను. నువ్వు బతికావు. నాకు అది చాలు. బిందుకి చెప్పలేదు. కానీ నా మొహం చూసి అది ఏదో ఊహించింది. రోజూ వచ్చి "వదినా, ఆయనేం రాశారు?" అంటోంది. తొందరగా చెప్పేయి, దాన్ని అలా తిప్పకు.

ఒడ్డున కూర్చోవడం కష్టమే. నీకు నడక వచ్చిన దగ్గర్నుంచీ నీళ్ళల్లోనే ఉన్నావు. అయినా ఒడ్డున కూర్చున్న తమ్ముడు నాకు కావాలి.

నా సంగతి. వెళతానురా. వెళ్ళనని అనలేదు. హేమకి వచ్చే నెలాఖరున పరీక్ష. పొద్దున్నే ద్వారకా నగర్ కోచింగ్‌కి పోతుంది, వచ్చేసరికి చీకటి పడుతుంది. నేను ఆసుపత్రి అంటే అది పుస్తకం మూసేసి నా వెంట వస్తుంది. పరీక్ష అవ్వనీ. తర్వాత ఈ చేపల రోజులు తగ్గనీ. ఇప్పుడు వంజరాలు బాగా పడుతున్నాయి, ఈ రెండు నెలల బేరమే మాకు ఏడాదికి ఆధారం. ఆడదానికి గుండెపోటేంట్రా, ఎప్పుడైనా విన్నామా? నేను చుట్ట తాగానా, మందు తాగానా? వాళ్ళ నాన్న సముద్రంలో పోయిన దగ్గర్నుంచీ హేమని ఈ నెత్తి మీద తట్టతోనే పెంచాను. ఇప్పుడు ఉన్నట్టుండి ఈ ఒళ్ళు నన్ను మోసం చేస్తుందా?

అమ్మ చేత ఉప్పు తగ్గించాను. గోపి పొద్దున్నే బీచిలో పరిగెడుతున్నాడు. వదిన కూడా నడుస్తోంది. అందరినీ దారిలో పెట్టాను, చూడు.

నువ్వు మాత్రలు మానకు. మానితే నా మీద ఒట్టే.

అక్క

(కవరులోనే వేరే చిన్న కాగితం)

మావయ్యా, అమ్మ నాకు ఉత్తరం పోస్టు చెయ్యమని ఇస్తే అంటించే ముందు ఇది పెడుతున్నాను. అమ్మ రాయలేదు గానీ మొన్న హార్బరులో కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. పక్కవాళ్ళు నీళ్ళు కొట్టారట. ఎండ అని చెప్పింది. అప్పటికింకా పొద్దు పొడవనే లేదు. నా మాట వినడం లేదు. నువ్వు చెప్పు. హేమశ్రీ.


వెరావల్
మార్చి

అక్కా,

హేమ నాకు అన్నీ చెప్పింది. దాన్ని తిట్టకు.

నేను రైలెక్కుతున్నాను. ఓనరుకి చెప్పేశాను. ఈ ఉత్తరం ముందు చేరుతుందో నేను ముందు చేరతానో తెలియదు. డాక్టరు ఎక్కువ ప్రయాణం వద్దన్నాడని నాకు చెప్పకు. నేను వచ్చేలోగా నువ్వు ఆసుపత్రికి వెళ్ళి ఉండాలి. వెళ్ళకపోతే గోపాలపట్నం మార్కెట్టుకే వస్తాను. నీ తట్ట తన్నేస్తాను. బేరగాళ్ళ ముందు నిన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోతాను. పరువు పోతుందని ఏడుస్తావు. ఏడువు.

చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే నన్ను చంకనేసుకుని ఆర్కే బీచి దాకా నడిచేదానివి, గాలి తగిలితే తగ్గుతుందని. నీకు అప్పుడు పదేళ్ళో పన్నెండేళ్ళో. నేనేమైనా వద్దన్నానా? నన్నూ ఒక్కసారి మొయ్యనీ.

మహేష్


పెదజాలారిపేట
సెప్టెంబరు

మావయ్యా,

నువ్వు మళ్ళీ వెరావల్ వెళ్ళాక ఇల్లు ఇంకా ఖాళీ అయింది. బిందత్త నీకు రోజూ ఫోన్ చేస్తుందని తెలుసు. అయినా ఉత్తరం రాస్తున్నాను. ఇక నుంచి నేనే రాస్తాను.

ముందు రిపోర్టుల సంగతి చెబుతాను, నువ్వు అదే వెతుకుతావు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ మనింటి పిల్లలందరినీ తీసుకురమ్మంది కదా, వెళ్ళాం. గోపికి బాగానే ఉంది. నీ చిన్నోడికీ బాగుంది. నాకు చెడు కొవ్వు చాలా ఎక్కువ ఉంది. మీ యశస్వినికి కూడా ఉంది మావయ్యా. బిందత్త అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. పదేళ్ళ పిల్లకేంటమ్మా ఇది అని ఏడ్చింది. డాక్టరమ్మ ఆవిడ పక్కనే కూర్చుంది. "మీ మావగారికి ఇది ఎవరూ చెప్పలేదు. మీ అమ్మాయికి పదేళ్ళకే తెలిసింది. దీనికంటే మంచి కబురు నేను చెప్పలేను" అంది. ఇప్పటి నుంచీ మందు, తిండి, ఆటలు. పొగ ఎప్పటికీ ముట్టుకోకూడదు. దాన్ని ముసలమ్మని చేసే పూచీ మనది అంది. నేనూ మాత్ర మొదలుపెట్టాను. రాత్రి భోజనమయ్యాక వేసుకుంటున్నాను.

ఇప్పుడు అమ్మ సంగతి. నువ్వు వచ్చేసరికి అమ్మ లేదు. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ నువ్వు ఒడ్డున బోటు చాటున కూర్చున్నావు, ఒక్కరోజు కూడా ఎలా జరిగిందని అడగలేదు. అడుగుతావని నేను చూశాను. అడిగితే తట్టుకోలేవేమోనని భయపడ్డాను కూడా. ఇప్పుడు రాస్తాను. అమ్మ నీకు పెదమావయ్య సంగతి రాసింది కదా. పక్కనున్నవాళ్ళే చెప్పాలి.

నువ్వు రైలెక్కావని ఫోన్ చేశాక అమ్మ నిజంగానే భయపడింది. "ఆడు స్టెంటేసుకుని పరిగెత్తుకొత్తన్నాడు, నానెల్లాపోతే బాగోదు" అంది. మర్నాడు వేలం అయ్యాక తట్ట మంచులో పెట్టి, నన్ను తీసుకుని పెద్దాసుపత్రికి వచ్చింది. ఈసీజీ తీశారు. డాక్టరమ్మ ఆ కాగితం రెండుసార్లు చూసింది. "ఇవాళే చేరిపోవాలి దేవమ్మా. ఇప్పుడే" అంది.

"సేపలు కొనీసినాను తల్లీ" అంది అమ్మ. "ఆటిని అమ్మీసి సాయంత్రం వొచ్చి సేరిపోతాను. పారబోసుకోనా ఏటి?"

డాక్టరమ్మ బతిమాలింది, కోప్పడింది. నేనూ ఏడ్చాను. మాత్ర ఒకటి ఇస్తే నమిలింది. "మీ తమ్ముడు వచ్చేలోగా మీకేమైనా అయితే?" అని డాక్టరమ్మ గుమ్మం దాకా వచ్చింది. అమ్మ వెనక్కి తిరిగి ఆవిడ బుగ్గ మీద చెయ్యి పెట్టింది. "సాయంత్రం నీకు మంచి సేప తెత్తాను" అంది.

నేను కోచింగ్‌కి వెళ్ళలేదు. వెళ్ళమంది, వెళ్ళలేదు. తన వెంటే గోపాలపట్నం వెళ్ళాను. తట్ట నేను మోశాను. మొదటిసారి మోశాను మావయ్యా. ఎంత బరువు! రోజూ అంత బరువు మోసేదా? వెనకాల అమ్మ నవ్వుతూ, "నెత్తి నిటారుగా పెట్టే, నీల్లు కారతన్నాయి" అంటూ వచ్చింది.

చేపలు సగానికి పైగా అమ్ముడుపోయాయి. ఒకాయన వంజరం ముక్కలు కొట్టమన్నాడు. అమ్మ కత్తిపీట ముందు కూర్చుని చేపని చేతిలోకి తీసుకుంది. మళ్ళీ కింద పెట్టేసింది. "హేమా, ఈపు లాగతంది" అంది. నా వైపు ఒరిగింది. నేను పట్టుకున్నాను. మార్కెట్టులో అందరూ పరిగెత్తుకొచ్చారు, ఆటో తెచ్చారు. అమ్మ నొప్పి అని అరవలేదు. చేపల చేతులు నా చున్నీకి తగలకుండా పైకెత్తి పట్టుకుంది. ఆ చేతులు ఆటోలో కిందికి జారిపోయాయి.

అంతే మావయ్యా. ఎక్కువసేపు బాధపడలేదు. నీకు ఆ మాట చెప్పాలని ఉంది, అది నిజం కూడా. నేను ఇన్నాళ్ళూ ఆ చేపల మీద కోపంగా ఉన్నాను. ఇప్పుడు కోపం కూడా అలసిపోయింది.

నీ గురించి బిందత్త చెబుతుంది, మాత్రలు మానడం లేదని, రోజూ జెట్టీ పొడవునా నడుస్తున్నావని. నీ బోటు వాళ్ళలో ఎవరైనా గ్యాస్ అంటే నువ్వే ఆసుపత్రికి తీసుకెళుతున్నావట కదా. మంచిది.

రక్తపరీక్ష రోజు సంగతి ఒకటి ఉంది. బిందత్త నీకు చెప్పి ఉండదు.

మేమంతా ఏమీ తినకుండా వెళ్ళాలి కదా. అమ్మమ్మ తెల్లవారుజామునే లేచి ఇడ్లీలు చేసి క్యారేజీలో పెట్టి తనూ వస్తానంది. నీకెందుకే అంటే వినలేదు. చుట్ట కూడా ఇంట్లోనే వదిలేసి వచ్చింది. ల్యాబు బయట బెంచీ మీద క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపలి నుంచి ఒకమ్మాయి ఒక్కొక్క పేరూ పిలుస్తోంది. యశస్విని ఏడవకుండా తీయించుకుంది. నీ చిన్నోడు ఏడ్చాడు. తర్వాత నేను, తర్వాత గోపి. అందరిదీ అయ్యాక ఆ అమ్మాయి తలుపు వేసుకోబోయింది.

అమ్మమ్మ లేచి నిలబడింది. "అయిపోనాయేటి? మా దేవి పేరు పిలవలేదు. దానికీ తియ్యండమ్మా. అదెప్పుడూ ఆకర్ని నిలబడద్ది."

ఆ అమ్మాయికి తెలియదు కదా. చేతిలో కాగితం పైనుంచి కిందికి చూసింది. "దేవి ఎవరండీ? రాలేదా?" అంది.

బిందత్త మొహం తిప్పేసుకుంది. గోపి వెళ్ళి అమ్మమ్మ భుజం మీద చెయ్యి వేశాడు. అమ్మమ్మ మా మొహాలు ఒక్కొక్కటీ చూసింది. నాది చూసి అక్కడ ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది తనకి.

ఏడవలేదు. మెల్లగా కూర్చుంది. క్యారేజీ మూత తీసింది. ముందు యశస్విని చేతిలో ఇడ్లీ పెట్టింది, తర్వాత నా చేతిలో.

"తినండర్రా" అంది. "పొద్దున్నించీ కాలీ కడుపునున్నారు."

నీ మేనకోడలు
హేమశ్రీ